గాలిమరుగు

సరస్సులో నీళ్ళు లేని మూడో ఏడు తోపుకుప్పంలో చక్రాల పడవలు కట్టడం మొదలైంది.

సముద్రం సరస్సులోకి వచ్చే ముఖద్వారం ఇసుకతో పూడిపోయింది. అంతకుముందు ఎప్పుడు పూడినా ఒడ్డున ఉన్న జాలరి కుప్పాలవాళ్ళు పారలు వేసుకుని పడవల మీద వెళ్ళి తవ్వి వచ్చేవాళ్ళు. ఇప్పుడు పడవ పోవడానికి నీళ్ళు లేవు, బండి పోవడానికి గట్టినేల లేదు. పైన అరచేతి మందాన ఉప్పు పెచ్చు, దాని కింద బురద. ట్రాక్టరు దించితే ఇరుసు దాకా కూరుకుపోయింది. మనుషులు నడవగలరు. నిరుడు నడిచారు కూడా. దారిలో తాగడానికి నీళ్ళు లేవు, అక్కడ తవ్వేవాళ్ళకీ లేవు. మోసుకెళ్ళిన బిందెలు ఖాళీ అయ్యేసరికి పారలు భుజాన వేసుకుని తిరిగొచ్చారు.

"పెచ్చు మీద తేలిగ్గా పోయేదే పోతాది," అన్నాడు చెంగయ్య. అతను పడవలు కట్టే మనిషి. మూడేళ్ళుగా కట్టడానికి పడవ లేక తాళ్ళు పేనుతూ కూర్చున్నాడు. పాత ఫైబరు పడవను నిలువునా కోసి, సగానికి అడుగున మూడు చక్రాలు బిగించాడు. వెనక రెండు, ముందు ఒకటి. ముందుచక్రాన్ని కాళ్ళతో తిప్పాలి. నడిమధ్య సరుగుడు కొయ్య నిలబెట్టి తెరచాప కట్టాడు. మొదటిరోజు సైకిలు టైర్లు వేస్తే పెచ్చు పగిలింది. వెడల్పాటి టైర్లు వేస్తే నిలిచింది. తూర్పుగాలి రాగానే పడవ పరిగెత్తింది. పక్కన పరిగెత్తిన కుక్క మధ్యలోనే ఆగిపోయింది.

"చక్రం వంకరపోతుండాదే," అన్నాడు చెంగయ్య దిగి, కింద పడుకుని చూస్తూ.

"చక్రం కాదు, నువ్వే వంకరగా పడుకోనుండావు," అంది అతని భార్య కస్తూరి.

కస్తూరిది గూడూరు. సూళ్లూరుపేటలో ఒక కాలేజీ ప్రయోగశాలలో బట్టల మీద పూతల పని చేసేది. ఆ పని ఆగిపోయాక పెట్టె, రెండు గాజు జాడీలు తీసుకుని అత్తగారింటికి వచ్చేసింది. వల షెడ్డులో ఒక మూల ఆమెది. అక్కడ సూళ్లూరుపేట నుంచి తెప్పించిన రొయ్య పొట్టు ఉడికించి జిగురు తీసేది. ఆ వాసనకి కుప్పంలో ఎవరూ ముక్కు మూసుకోలేదు. మూడేళ్ళ తర్వాత రొయ్యల వాసన వస్తుంటే కొందరు ఊరికే వచ్చి షెడ్డు దగ్గర కూర్చునేవాళ్ళు.

ఆ జిగురు గాలిలో తేమ పట్టుకుంటుంది. అది చాలామందికి తెలిసిన సంగతే. పట్టుకున్నదాన్ని వదిలించడమే ఎవరికీ కుదరలేదు. కాల్చినంత వేడి పెడితే తప్ప వదలదు. ఆ కిటుకు కస్తూరికి షెడ్డులో దొరికింది. జిగురు పూసిన తెరచాప గుడ్డను ఫ్యాను ముందు ఆరేసి, తడి ఉందా లేదా అని అరచేత్తో నిమిరింది. మణికట్టు మీదుగా మోచేతి దాకా నీళ్ళు కారాయి. గాలి గుడ్డను వణికించాలి, అరచేతి వెచ్చదనం తగలాలి. రెండూ ఉంటే వదులుతుంది. గాలి నెమ్మదిగా ఉంటే చెమ్మ తప్ప చుక్క రాదు. పరిగెత్తే పడవకి కట్టాలి. పక్కన కూర్చుని ఒకరు నిమురుతూ ఉండాలి.

"పెళ్ళాం గుడ్డకి రొయ్యల జిగురు పూస్తాది, మొగుడు పడవకి చక్రాలేస్తాడు," అన్నాడు పెద్దకాపు పెంచలయ్య. కుప్పానికి ఆయన మాటే మాట. "దేవుడు మిమ్మల్నిద్దరినీ ఒకే బుట్టలో యేరినట్టుండాడు."

"నీళ్ళొస్తే అప్పుడు నవ్వు మామా," అంది కస్తూరి.

"వస్తే నవ్వనమ్మాయ్. తాగుతా."

మొదటి పరుగుకి చుక్కాని చక్రం దగ్గర చెంగయ్య, తెరచాప తాడు పట్టుకుని కస్తూరి. గుడ్డ నిమిరే మనిషి తెరచాపకి అవతలి పక్క, గాలి తగలని వైపు కూర్చోవాలి. నీళ్ళు కారేది ఆ వైపే. అక్కడ ఎవరు కూర్చోవాలన్నది ఎవరూ అడగలేదు. చెంగయ్య తల్లి నాగూరమ్మను చెయ్యి పట్టుకుని ఎక్కించారు.

తెరచాపకి అవతలి చోటుని ఆ కుప్పంలో గాలిమరుగు అంటారు. నీళ్ళలో పడవలు తిరిగిన రోజుల్లో ఎదురుగాలి, నీటి జల్లు తగలని చోటు అదొక్కటే. దాన్ని పెద్దవాళ్ళకిచ్చేవాళ్ళు. కడుపుతో ఉన్నవాళ్ళకి, కొత్త అల్లుడికి, పొరుగూరి చుట్టానికి ఇచ్చేవాళ్ళు. మరుగు ఇచ్చారంటే గౌరవం ఇచ్చినట్టు. చక్రాల పడవ మీద నీటి జల్లుకి బదులు ఉప్పుధూళి కొడుతుంది. ఇవతలి వైపు కూర్చున్నవాళ్ళ కనుబొమలు తెల్లబడతాయి. కాబట్టి మరుగు మరుగే.

పైగా నాగూరమ్మ మామూలు మనిషి కాదు. పొగమంచులో దారి తప్పిన పడవలు ఆమె కేక విని ఒడ్డుకి వచ్చేవి. ఏ ఇల్లు ఏ రేవులో వల వేయాలన్నది ఏటేటా వంతులు తీసి తేల్చుకునేవాళ్ళు. ఇంటికొక ఆలిచిప్ప గుర్తు పెట్టి కుండలో వేస్తే, ఏ చిప్ప పైకి వచ్చిందో ఆ ఇంటి పేరు ఆమె కేక వేసేది. ఆమె నోట పేరు వచ్చాక మరి వాదన ఉండేది కాదు.

గాలి అందుకుంది. పడవ పెచ్చు మీద గరగరమంటూ దక్షిణానికి పరిగెత్తింది. నాగూరమ్మ అరచెయ్యి గుడ్డ మీద ఆనించి కిందికి లాగింది. నీళ్ళు గుడ్డ అంచున కట్టిన గొట్టంలోకి, గొట్టంలోంచి క్యానులోకి దిగాయి. ఆమె వేలు నాకి చూసింది.

"తియ్యగుండాయి మే."

"ఎట్టా ఉండాది అత్తా అక్కడ?" అని గాలిహోరులో గట్టిగా అరిచింది కస్తూరి.

"సల్లగా ఉండాది. పోనీయండి, పోనీయండి."

తిరిగి వచ్చేసరికి క్యాను నిండింది. పెంచలయ్య గ్లాసు నింపుకుని తాగి, మూతి తుడుచుకుని, రెండో గ్లాసు నింపుకున్నాడు. ఆ సాయంత్రమే ఆరు పడవలు కట్టాలని, వానలకు ముందే ముఖద్వారం చేరి తవ్వాలని కుప్పం మాట అనుకుంది.

ఆ తర్వాత గాలి ఉన్న ప్రతి మధ్యాహ్నం పరుగే. కస్తూరి గుడ్డ తూచింది, గాలి వేగం కొలిచింది, క్యానులో నీళ్ళు కొలిచింది. జిగురు పలచన చేసింది, మళ్ళీ చిక్కన చేసింది. చిక్కన చేసిన గుడ్డ మొదటిదానికి రెట్టింపు నీళ్ళు ఇచ్చింది. ప్రతి పరుగులోనూ అత్తను ఎట్టా ఉందని అడిగింది. ప్రతిసారీ సల్లగా ఉండాదనే జవాబు వచ్చింది. చెమట పట్టకుండా చల్లగా ఉండడం మంచిదే కదా అనుకుంది.

ఇంట్లో నాగూరమ్మ చెంబు పక్కన పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. అన్నం తినేటప్పుడు ముద్దముద్దకీ నీళ్ళు తాగేది. ఒక ఉదయం వీధిలో పోతున్న కొడుకుని పిలవబోతే గొంతు బొంగురుగా చీలింది.

"ఏందిమా, కోడిపుంజు మింగినావా?" అన్నాడు చెంగయ్య.

"ఉప్పుధూళిరా," అంది ఆమె. "పోతాది."

కస్తూరి మిరియాల పాలు కాచి ఇచ్చింది. మరుగులో కూర్చున్న మనిషికి ధూళి ఎట్లా తగులుతుందని ఆమెకి తట్టలేదు.

ఇంకో వారానికి దగ్గు పట్టుకుంది. నాగూరమ్మ ఆ రోజు పడవ ఎక్కనంది. నాలుగో పడవ చక్రాలు సరిగా తిరుగుతున్నాయో లేదో చూడడానికే పరుగు కాబట్టి, నిమిరే మనిషి లేకుండానే పోదామన్నాడు చెంగయ్య. అప్పుడు దేవసేన గంపతో వచ్చింది. ఆమె పెంచలయ్య కూతురు. ఐదో నెల కడుపు. ఊరి వెనక మిగిలిన ఒక్క మడుగులో గాలించి తెచ్చిన చిట్టి రొయ్యలు గంపలో ఉన్నాయి.

"వదినా, దీన్ని అవతల మా చిన్నమ్మోళ్ల కుప్పంలో ఇచ్చేసి రాండి. కూరకి చాలతాయి. మరుగులో పెట్టండి, ఉప్పుధూళి పడకుండా."

"గంపక్కూడా మరుగా?" అన్నాడు చెంగయ్య.

"నేను మోసిన గంప. నాకిచ్చినట్టే."

అవతలి కుప్పం ముందు నేల మెత్తబడి ఉంది. పడవ అక్కడిదాకా పోలేక వెనక్కి తిరిగింది. తోపుకుప్పం చేరాక దేవసేన గంప అందుకుని ఊపి చూసింది. రొయ్యలు గలగలమన్నాయి.

"కూరకి పంపితే పొడికి చేసి తెచ్చినారే," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె ఒక రొయ్యను వేళ్ళ మధ్య నలిపింది. అది పొడి అయింది. "కస్తూరీ, ఇంక మాకు ఎండతో పన్లేదు. మీ ఆయన్ని రోజూ ఇట్టా తిప్పుకొని రమ్మను."

కస్తూరి నవ్వలేదు. తడి రొయ్యలు ఎండడానికి పొద్దున ఇసుకలో పోసి, తిరగేస్తూ, పొద్దు వాలేదాకా కాపలా ఉండాలి. పడవ పోయి వచ్చింది కాస్సేపు. ఎండ తెరచాపకి ఇటువైపూ ఉంది, అటువైపూ ఉంది. మరుగులోది వేరేదేదో.

ఆమె తన తువ్వాలు బిందెలో ముంచి, పిండకుండా భుజాల మీద కప్పుకుంది. మరుగులో ఎక్కి కూర్చుంది. తాడు పట్టడానికి దేవసేన భర్తని పిలిచింది.

"యాడికి?" అన్నాడు చెంగయ్య.

"ఆ తుమ్మచెట్టు దాకా పోనీ. గాలి ఎంతుంటే అంత పోనీ."

గుడ్డ వణకడం మొదలైంది. ఆమె నిమిరింది. మొదట చల్లగా అనిపించింది. అత్త చెప్పింది నిజమే. తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టయింది. మూసి తెరిచింది; రెప్పలు అతుక్కున్నాయి. పెదవి చీలి ఉప్పగా తగిలింది. గుటక వేద్దామంటే నోట్లో ఏమీ లేదు. తుమ్మచెట్టు ఇంకా దూరంగానే ఉంది. భుజం మీద తువ్వాలు తాకి చూసుకుంది. అట్టలా బిగుసుకుని ఉంది.

గుడ్డ గాలిలోని నీళ్ళు తీసుకుంటుంది. గుడ్డ దాటి వచ్చిన గాలికి మళ్ళీ నీళ్ళు కావాలి. ముందుగా ఏది ఎదురైతే దాన్లోంచి తీసుకుంటుంది. ముందుగా ఎదురయ్యేది మరుగులో ఉన్న మనిషి. పూత చిక్కబడే కొద్దీ క్యాను నిండింది, గాలి ఎండింది. ఇంత లెక్క కట్టిన మనిషి అవతలి వైపు గాలిని ఒక్కసారీ కొలవలేదు. అడిగింది, అంతే.

ఇంటికొచ్చేసరికి నాగూరమ్మ అరుగు మీద వల ముడులు విప్పుతోంది. కస్తూరి ఆమె పక్కన కూర్చుంది. అక్కడున్న చెంబు ఎత్తి గొంతు తడుపుకుంది.

"మరుగులో నేను కూచోని చూసినానత్తా."

నాగూరమ్మ ముడి విప్పడం ఆపలేదు.

"మొదటినాటి నించీ ఇట్నే ఉండాదా?"

"మొదట ఇంత లేదు." ఆ మాట వట్టి గాలిలా వచ్చింది. "తరవాత తరవాత."

"ఎందుకు చెప్పలేదు? అడిగినా గదా నేను. రోజూ అడిగినా గదా."

ముసలామె వల ఒళ్ళో పెట్టుకుని కోడలి చీలిన పెదవి వైపు చూసింది. కొంగు తడిపి అక్కడ అద్దింది.

"మరుగిచ్చిన మనిషి మొకానే, నువ్విచ్చింది బాగలేదని ఎట్టా చెప్పేది మే? మా నాయన పోయే రోజున కూడా మరుగులో పడుకోబెట్టి తెచ్చినాం. ఎట్టా ఉండాది నాయనా అంటే సల్లగా ఉండాది అన్నాడు. అది అట్టా అనే మాట. అడగడమూ మర్యాదే, చెప్పడమూ మర్యాదే."

పట్నంలో గొంతు డాక్టరు సన్నని గొట్టంతో లోపల చూసింది. తెర మీద కస్తూరికి చూపించింది. గొంతులో పొర ఎండి, చిట్లి, మానిన చోట మచ్చ కట్టింది. పొడి గాలి ఎక్కడ తగిలిందని అడిగింది. కస్తూరి చెప్పింది. డాక్టరుకి తెరచాప సంగతి సగమే అర్థమైంది.

"ఇంక అక్కడ కూర్చోకపోతే ఇంతకన్నా పాడవదు," అంది. "మాట వస్తుంది. గట్టిగా రాదు."

"కేక?"

"కేక రాదమ్మా."

బస్టాండులో చెంగయ్య రోడ్డుకి అవతల సోడాల బండి దగ్గర నిలబడి ఉన్నాడు. బస్సు కదలబోతోంది. నాగూరమ్మ అలవాటు కొద్దీ ఛాతీ నిండా గాలి పీల్చుకుని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఆమె నోరు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. పక్కనున్నవాళ్ళంతా తిరిగి చూశారు. చెంగయ్య తిరగలేదు. కస్తూరి పిలిచింది.

మర్నాడు కస్తూరి అప్పటికి కట్టిన ఆరు పడవల తెరచాపలూ విప్పి మడిచి షెడ్డులో పెట్టింది. చెంగయ్య కొయ్యలకి కప్పీలు బిగిస్తూనే ఉన్నాడు.

"మామూలు గుడ్డ కట్టుకోని పోండి," అంది.

"పోయి ఏం తాగాల?"

కస్తూరి షెడ్డులోకి పోయింది. రబ్బరు రోలరు చేసి నిమిరి చూసింది. జిగురు పొరలుగా లేచింది. వేడినీళ్ళ సంచి పెట్టి చూసింది; ఒకచోట నీళ్ళు వదిలి, మిగతా చోట గుడ్డ అంటుకుపోయింది. అరచెయ్యి పెట్టినప్పుడే గుడ్డ వదిలింది. పూత పలచన చేస్తే మనిషికి కొంత నయం, అప్పుడు అందరికీ సరిపడా నీళ్ళు రావు. కొంత పలచన చేసింది. అంతకన్నా తగ్గించడానికి లేదు.

పెంచలయ్య కుప్పాన్ని షెడ్డు ముందు కూర్చోబెట్టాడు.

"వానలు పడేలోగా సరస్సు నోరు తెరవకపోతే ఇంకో ఏడు పోయినట్టే," అన్నాడు. "పిల్లోళ్లు ఇప్పటికే కూలికి పోయి తారు రోడ్లేస్తుండారు. నీ గుడ్డ మనిషిని ఎండబెడతాదంటే కళ్ళారా చూసినా. కాదనడం లా. అయినా పోవాల."

"ఒకరి గొంతు పోయింది మామా."

"తెలుసు. నేనూ ఆ కేక ఇని ఒడ్డుకొచ్చినోడినే." ఆయన నాగూరమ్మ వైపు చూశాడు. "నిబ్బరం ఉన్నోడినొకణ్ణి కూచోబెడదాం. పడుచోళ్ళు లేరా?"

"పడుచోళ్ళయినా అంతే. సాయంత్రం దాకా కూచుంటే అంతే."

అప్పుడు నాగూరమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళింది. మూడేళ్ళుగా అటక మీదున్న కుండ తెచ్చి మధ్యలో పెట్టింది. బూజు తుడిచి, లోపల చెయ్యి పెట్టి ఒక ఆలిచిప్ప తీసి పైకెత్తి చూపించింది. తర్వాత అది పక్కన పెట్టి ఇంకొకటి తీసింది. అది పెట్టి ఇంకొకటి.

"వంతులు," అన్నాడు చెంగయ్య. "కాస్సేపు ఒకరు, కాస్సేపు ఒకరు. రేవులకి తీసినట్టే."

"మరుగుకి వంతేందిరా?" అన్నాడు పెంచలయ్య. "రేవంటే అందరూ కావాలనేది. మరుగంటే మనం ఇచ్చేది. పెద్దామెను ధూళిలో కూచోబెట్టి నువ్వు పోయి మరుగులో కూచుంటావా? పొరుగు కుప్పాలోళ్లు చూస్తే మొకాన ఊస్తారు."

"ఊయమను నాయనా," అంది దేవసేన. "కొంచెం తడన్నా తగులుతాది."

నవ్వులు ఆగేదాకా కస్తూరి చూసింది.

"వంతులు పెట్టుకున్నా చాలదు," అంది. "ఒకరి ఒళ్ళు ఒకరి మాదిరి ఉండదు. ఒకరు ఆ తుమ్మచెట్టు దాకా ఆగుతారు, ఒకరు సగానికే ఎండిపోతారు. అది కూచున్నోళ్లకే తెలస్తాది, వాళ్ళే చెప్పాల. మీలో ఎవురూ చెప్పరు. మా అత్త చెప్పలా. నేనడిగితే ఈ కుప్పంలో ఎవురన్నా బాగలేదంటారా? అంటారంటే తెరచాపలు ఇప్పుడే కడతా."

ఎవరికి వాళ్ళు తమ తండ్రినో తల్లినో పడవలో తెచ్చిన రోజు గుర్తు చేసుకుంటున్నట్టు నేల చూశారు.

పెంచలయ్య కండువా సర్దుకున్నాడు. కుప్పానికి కట్టుబాటు చేసేటప్పుడు ఆయన లేచి నిలబడతాడు. దాన్ని దురాయి అంటారు. దురాయి వేశాక దాటినవాడికి కుప్పంలో నిప్పు కూడా ఇవ్వరు. ఇంతవరకు దురాయిలన్నీ వలల మీద, తగాదాల మీద వేసినవే.

"ఇయ్యాల్టి నించి," అన్నాడు, "మరుగులో కూచున్న మనిషిని ఎట్టా ఉండాదని అడిగితే, సల్లగా ఉండాది అనేది కూడదు. బాగుండాది అనేదీ కూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాల. ముసలోళ్లకి, కడుపుతో ఉన్నోళ్లకి మరుగు లేదు. ఇది కుప్పం దురాయి."

"మరి నాకు ధూళేనా?" అంది దేవసేన. "రొయ్యలకిచ్చిన మరుగు కూడా నాకియ్యరా వదినా?"

"ఆ రొయ్యలేమైనాయో చూస్తివి గదా."

"మొదటి వంతుకి చిప్ప తీసే పన్లేదు," అన్నాడు పెంచలయ్య, కూర్చుంటూ. "అది పెద్దకాపుది."

వాళ్ళు బయల్దేరిన రోజు గాలి తూర్పు నుంచి నిలకడగా ఉంది. ఆరు పడవలూ ఒకదాని పక్కన ఒకటి, బారుగా పోవాలి. ఒకరు పోయిన గాడిలో ఇంకొకరు పోతే పెచ్చు పగులుతుంది. పారలు, తట్టలు, బియ్యం మధ్యలో కట్టారు. సాగనంపడానికి దేవసేన తుమ్మచెట్టు దాకా నడిచి వచ్చింది.

నడిమి పడవలో చెంగయ్య చక్రం తిప్పుతున్నాడు, కస్తూరి తాడు పట్టింది. నాగూరమ్మ ధూళి వైపు కూర్చుంది. ఆమె రావద్దని అందరూ అన్నారు. వంతు పిలిచేది తానేనని ఆమె సైగ చేసింది. పక్కన చిప్పల కుండ, ఒళ్ళో ఇత్తడి పళ్ళెం, చేతిలో చెక్క గరిటె. అప్పటికే ఆమె జుట్టు ఉప్పుతో తెల్లబడింది. అది ముందే తెలుపు కాబట్టి కనిపించలేదు. మరుగులో తడి తువ్వాలు కప్పుకుని పెంచలయ్య గుడ్డ నిమురుతున్నాడు. గొట్టంలోంచి క్యానులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు చక్రాల చప్పుడులో కలిసిపోయింది.

"ఎట్టా ఉండాది మామా?" అంది కస్తూరి కొంత దూరం పోయాక.

పెంచలయ్య వినపడనట్టు నిమురుతూనే ఉన్నాడు. తువ్వాలు అంచు అప్పటికే గాలికి ఎండు ఆకులా ఆడుతోంది.

"మామా, ఎట్టా ఉండాది?"

"సల్ల..." అని ఆగాడు. నాగూరమ్మ గరిటె ఎత్తి పట్టుకుని ఆయన వైపే చూస్తోంది. ఆయన పెదవులు తడుపుకోబోయాడు. తడుపుకోవడానికి నోట్లో తడి లేదు.

"బాగలేదు," అన్నాడు నెమ్మదిగా.

"గాలికి ఇనపళ్ళా మామా."

"బాగలేదంటుండా గదమ్మాయ్. దించండి."

నాగూరమ్మ పళ్ళెం మోగించింది. ఆరు పడవల్లో తాళ్ళు వదులయ్యాయి, తెరచాపలు గాలికి కొట్టుకున్నాయి, పడవలు ఆగాయి. పక్క పడవలో ఎవరో "నాకూ బాగలేదు" అన్నారు. ఆ పైదాంట్లో ఇంకెవరో "నాకైతే అసలు బాగలేదు" అన్నారు. జన్మలో మొదటిసారి ఆ మాట అంటున్నవాళ్ళ గొంతుల్లా ఉన్నాయి అవి. మరుగులోంచి దిగినవాళ్ళకే మొదటి నీళ్ళు ఇవ్వాలని ఎవరూ దురాయి వేయలేదు. చెంగయ్య క్యాను వంచి పెంచలయ్య దోసిట్లో పోశాడు. ఆయన తాగి, తడిచెయ్యి మొహానికి రాసుకుని, ధూళి వైపు వెళ్ళి కూర్చున్నాడు.

నాగూరమ్మ కుండలోంచి చిప్ప తీసింది. తన ఇంటి చిప్పే. దాన్ని కొడుక్కి కాకుండా కోడలికి చూపించింది.

కస్తూరి తాడు పెంచలయ్యకిచ్చి మరుగులోకి వెళ్ళింది. పడవలు మళ్ళీ కదిలాయి. అరచెయ్యి గుడ్డ మీద పెట్టి కిందికి లాగింది. నీళ్ళు దిగాయి. ముందు చల్లగా ఉంది. తర్వాత కళ్ళు మండాయి. తర్వాత గొంతు పట్టుకుంది. ఈ చోట అత్త ఒక్క మాట అనకుండా కూర్చున్న మధ్యాహ్నాలు ఆమెకి తెలుసు. వాటిలో ఒక్క మధ్యాహ్నమైనా కూర్చోవాలని, పళ్ళెం మోగకుండా ముఖద్వారం దాకా కూర్చోవాలని బయల్దేరేటప్పుడే అనుకుంది. అడిగితే సల్లగా ఉందనే చెప్పాలనుకుంది. ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంది.

చాలాసేపు ఎవరూ అడగలేదు. చెంగయ్య దారి చూస్తున్నాడు. దక్షిణాన ఇసుకమేట సన్నని గీతలా కనిపించింది.

గుడ్డ అంచు ఎవరో పక్కకి లాగారు. నాగూరమ్మ తెరచాప కింద నుంచి తల వంచి ఇటు చూస్తోంది. కనుబొమలు, రెప్పలు తెల్లగా ఉన్నాయి. ఆమె నోరు కదిలింది. గాలిలో ఆ మాట వినపడలేదు. వినకుండానే కస్తూరికి తెలిసింది. రోజూ తాను అడిగిన మాటే.

కస్తూరి గుడ్డ మీద నుంచి చెయ్యి తీసింది.

"బాగలేదత్తా," అంది.

నాగూరమ్మ తల ఊపి, వెనక్కి జరిగి, గరిటె ఎత్తింది.